రెండో వేలు

తలుపు కొట్టాడు.
గోడకి అవతలి కుర్రాడు. పేరు క్యాలం,
నా నోటికి కాలం.
టైర్ల షాపులో పని, గోళ్ళ కింద నలుపు.
చప్పుడు తగ్గించమనడానికే వచ్చాడనుకున్నా.
బార్న్‌స్లీలో మా వీధి ఇళ్ళన్నీ
ఒకదాని భుజాన్ని ఒకటి ఆనుకుని నిద్రపోతాయి.
నేనిక్కడ తీగ మీటితే
వాడి పడగ్గదిలో గోడ పలుకుతుంది.

"ఆ రెండు వేళ్ళనీ అలా ఎలా పరిగెత్తిస్తారు?"
గాలిలో చూపుడువేలూ మధ్యవేలూ ఆడిస్తూ అడిగాడు.
ఆదివారాలు పెయింట్‌బాల్ ఆడతాడట.
ట్రిగ్గర్ మీద ఒక వేలు లేచేలోగా రెండోది దిగాలిట,
మెట్ల మీద పరిగెత్తే పిల్లాడి కాళ్ళలా.
సెకనుకి ఏడు దాటడం లేదట తనది.

నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది.
విజయనగరంలో చెల్లాయమ్మగారు
అల్లిక సూదితో కణుపుల మీద కొట్టి నేర్పిన విద్య
రంగు ఉండలు పేల్చడానికా?
అయినా టీ పెట్టాను.
నలభై ఏళ్ళలో నా కుడిచేతి సంగతి ఎవరడిగారు?
అందరూ ఎడమచేతి గమకాలకే తలలూపారు.

మంగళవారాలు, ఏడింటికి.
చాప మీద కూచుంటే మోకాళ్ళు చెవుల్ని తాకుతాయి.
సొరబుర్రని టైరు పట్టినట్టు పడతాడు.
"పాఠాలొద్దు మిస్, ఆ మీటు చాలు."
ముందు మొదటి కాలం, అన్నాను.
"ఇది మరీ నెమ్మది."
అవును.
"నాకు వేగం కావాలి."
చెల్లాయమ్మగారి గొంతు నా నోట్లోంచి వచ్చింది:
వేగం అడక్కు, సమం అడుగు.
వేగం దాని వెనకే కుక్కపిల్లలా వస్తుంది.

సస రిరి గగ మమ.
బస్సు సీటు మీద వాయించాడు,
చేపముక్కలు చుట్టిన కాగితం మీద,
ఎవరిదో కారు బానెట్ మీద.
దానికి ఓనరు చేత తిట్లు కూడా తిన్నాడు.
మంచు పడేనాటికి తొమ్మిది.
రోడ్డు పక్కన డాఫడిల్స్ పూసేసరికి పదమూడు!

పోటీ చూడ్డానికి రమ్మన్నాడు.
బురద. వల. గాలి ఊదిన దిమ్మెల చాటున
ముసుగుల మనుషులు, ఎవరు ఎవరో తెలీదు.
గచ్చకాయలంత ఉండలు,
పగిలిన చోటల్లా పసుపు, గులాబి.
నారింజ చొక్కా అంపైరు చెప్పాడు:
సెకనుకి పది మించి పేలకుండా
ఇక్కడ తుపాకులకి తాళం వేస్తారట.
తాళమంటే నాకు తెలిసింది వేరు.
మా పదమూడులో మూడు మిగిలిపోయాయి.
వాడికిది ముందే తెలుసట.
మరెందుకురా అంటే
భుజాలెగరేసి ముసుగు కిందికి లాక్కున్నాడు.

ఈల.
రేకుల మీద వడగళ్ళలా అన్నీ ఒక్కసారి.
ఆ గోలలో ఒకటి విడిగా వినబడింది,
ఎడమవైపు, నీలం దిమ్మె వెనక.
టక టక టక టక,
ప్రతి రెండో దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యం.
ఎక్కడో విన్నాను దీన్ని.

కిందటి చలికాలం నుంచి
పొద్దున్నే నా మధ్యవేలు కణుపు దగ్గర బిగుసుకుంటోంది.
వేణ్ణీళ్ళు, కొబ్బరినూనె.
ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పుకోలేదు.
ఆ కుంటు నాది.
నేను దిద్దినవన్నీ దిద్దుకుని
దిద్దనిదాన్ని కూడా
శ్రద్ధగా నేర్చుకున్నాడు పిల్లాడు.

నాలుగో నిమిషంలో ముసుగు మీద పసుపు చిట్లింది.
చెయ్యెత్తి బయటికొచ్చాడు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.
"విన్నారా మిస్?"
విన్నాను.
"సమంగా ఉందా?"

పక్కనెవరో తుపాకీలోకి ఉండలు పోస్తున్నారు,
డబ్బాలో శనగలు పోసిన చప్పుడు.
మంగళవారం ఏడింటికి రా, అన్నాను.
మొదటి కాలం.
ఇద్దరం.